బిల్లులో పది రూపాయల ‘అన్నదాన సేవ’: మనల్ని అడగకుండా వేయొచ్చా?

బందరురోడ్_బాలు (విజయవాడ)
ఆదివారం, ఉదయం 9.12

నిన్న రాత్రి బందరు రోడ్డులో ఒక హోటల్‌కి వెళ్ళాం. పేరు చెప్పను, గొడవ పేరు గురించి కాదు. నేను, మా ఆవిడ, బాబు, ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు, మావగారు. తిండి బాగుంది, ఆ మాట ముందే చెప్పేస్తా.

నేను మామూలుగా బిల్లు చదవను. ఫోన్ తీసి స్కాన్ చేసేస్తాను. నిన్న ఎందుకో చూస్తే బిర్యానీలు, రోటీలు, సోడాల కింద ‘అన్నదాన సేవ – 1 – 10.00’ అని ఉంది. మెనూలో లేదు, మేము అడగలేదు. సర్వర్‌ని పిలిచి మెల్లిగా అడిగాను. అతను మెల్లిగా చెప్పకుండా కౌంటర్ వైపు తిరిగి కేకేశాడు: “అన్నా, ఏడో టేబుల్ సార్‌కి అన్నదానం వద్దంట, తీసేయ్!”

పక్క టేబుళ్ళ వాళ్ళందరూ తిరిగి చూశారు. మా మావగారు చొక్కా జేబులోంచి పది నోటు తీసి “పోనీలే అల్లుడూ, నేనిస్తాలే” అన్నారు. మా ఆవిడ నా కాలు తొక్కింది. ఇంకేం చేస్తాను, “ఉంచేయండి” అని మొత్తం కట్టి బయటికొచ్చాను. కారులో ఎవరూ మాట్లాడలేదు.

పది రూపాయలు నాకు లెక్క కాదు. కానీ రాత్రంతా అదే ఆలోచన. ఇచ్చింది నేనా, లేక నా దగ్గర తీసుకున్నారా? ఇలా వేయొచ్చా అసలు? తెలిసినవాళ్ళు చెప్పండి.


వన్‌టౌన్_వాసు
ఆదివారం, 9.20

పది రూపాయలకి ఇంత పోస్టా బ్రదర్. పార్కింగ్‌కి ముప్ఫై ఇచ్చి ఉంటావు, దాని మీద పోస్టు పెట్టలేదే.


బందరురోడ్_బాలు
ఆదివారం, 9.26

పార్కింగ్ వాడు “సార్‌కి పార్కింగ్ వద్దంట” అని అరవలేదు వాసు గారూ.


కాటా_చిట్టా (గుంటూరు)
ఆదివారం, 10.05

ఇది కొత్త సంగతి అనుకుంటున్నారు గానీ కాదు బాబూ. నా వయసు డెబ్భై దాటింది. మా నాన్నగారిది మిర్చి కమీషన్ కొట్టు, నేను చిన్నప్పుడు అక్కడే కూర్చుని చిట్టా రాసేవాడిని. రైతుకిచ్చే ప్రతి పట్టీలోనూ, అంటే లెక్క కాగితంలో, కమీషన్, హమాలీ, కాటా కూలి, దాని కింద ‘ధర్మం’ అని ఒక గడి ఉండేది. బస్తాకి ఇంతని పైసల్లో. ఆ డబ్బుకి వేరే పద్దు, వేరే డబ్బా. దసరాకి పుస్తకాలు మార్చేటప్పుడు ఆ డబ్బా లెక్క తీసేవాళ్ళు. వేసవిలో చలివేంద్రం దాంతోనే నడిచేది. గుంటూరు ఎండ సంగతి మీకు చెప్పాలా? మే నెలలో మట్టికుండ నీళ్ళు, మజ్జిగ తాగి హమాలీలు మా అమ్మకి దండం పెట్టేవాళ్ళు. మిగిలింది సత్రానికి వెళ్ళేది.

ఉత్తరాది వ్యాపారులు దీన్నే ధర్మాదా అంటారు. మన దేవాదాయ ధర్మాదాయ శాఖ పేరులో ఉన్న మాటా ఇలాంటిదే. కాబట్టి బిల్లులో దానం వేయడం మోసమని ఒక్కసారే అనేయకండి. వెనకటి వాళ్ళు దాన్ని ముట్టుకుంటే పాపమని భయపడేవాళ్ళు. ఇప్పుడు ఆ భయం ఉందా లేదా, అది చూసుకోవాలి.


పల్నాటి_పిల్లోడు
ఆదివారం, 10.31

పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఆ ధర్మం గడి మీ పట్టీలో ఉండేది, కోత మాత్రం మా పట్టీలో ఉండేది. మా తాత పదిహేను టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బండి మీద యార్డుకి తెచ్చి, రాత్రంతా వాటి మీదే పడుకుని, పొద్దున పట్టీ చూసుకుంటే కమీషన్ పోను, హమాలీ పోను, ధర్మం పోను అని ఉండేదట. ‘ధర్మం చేసింది నేను, పేరు కొట్టుది’ అని ఆయన చచ్చేదాకా అంటూనే ఉన్నాడు. చలివేంద్రం మీద బోర్డు ఎవరి పేరుతో ఉండేది? రైతు పేరుతోనా?


కాటా_చిట్టా
ఆదివారం, 10.48

బోర్డు మా కొట్టు పేరుతోనే ఉండేది. కాదనను.


కౌంటర్_నంబర్_3
ఆదివారం, 11.15

నేను ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ చేస్తాను. మా దగ్గర బిల్లు 487 అయితే “500కి రౌండప్ చేయమంటారా మేడమ్, పిల్లల చదువుకి వెళ్తుంది” అని అడగాలి. అడక్కపోతే సూపర్‌వైజర్ అరుస్తాడు. అడిగితే కస్టమర్లు అరుస్తారు. “నీ జీతంలోంచి ఇచ్చుకోమ్మా” అన్నావిడ కూడా ఉంది. నా జీతం ఎంతో తెలిస్తే ఆమే నాకు రౌండప్ చేసి వెళ్ళేది 😀

బాలు గారూ, ఆ సర్వర్ మీద కోపం పెట్టుకోకండి. కేక వేసింది మిమ్మల్ని అవమానించడానికే అయి ఉండకపోవచ్చు. చాలా చోట్ల బిల్లులో ఒక లైన్ తీయాలంటే మేనేజర్ పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ సిస్టమ్ పెట్టిన వాళ్ళు ఏసీ గదిలో ఉంటారు, తిట్లు మాకు పడతాయి. కానీ చాలామంది లైను చూసి కూడా సిగ్గుపడి ఊరుకుంటారు, ఆ మాట నిజమే. వెనక క్యూ ఉంటే ఇంకా త్వరగా ఒప్పుకుంటారు. శనివారం సాయంత్రం మా కౌంటర్లో రౌండప్‌లు ఎక్కువ. మంగళవారం మధ్యాహ్నం ఒక్కరూ ఒప్పుకోరు.


జమాఖర్చు (బ్రాడీపేట, గుంటూరు)
ఆదివారం, 11.40

ఆ శనివారం, మంగళవారం మాట బాగుంది. దానగుణం వారాన్ని బట్టి మారదు, క్యూని బట్టి మారుతుంది.

బాలు గారూ, బిల్లు ఉంటే అందులో జీఎస్టీ ఎంత వేశారో చెప్పండి. పైసలతో సహా.


బందరురోడ్_బాలు
ఆదివారం, 11.52

తిండి మొత్తం 1,240. అన్నదానం 10. తర్వాత సీజీఎస్టీ 31.25, ఎస్‌జీఎస్టీ 31.25. మొత్తం 1,312.50, రౌండ్ చేసి 1,313. ఎందుకు?


జమాఖర్చు
ఆదివారం, మధ్యాహ్నం 12.30

అనుకున్నదే. 1,240కి ఐదు శాతం జీఎస్టీ అంటే 62 రూపాయలు. మీ దగ్గర రెండూ కలిపి 62.50 తీసుకున్నారు. అంటే 1,250 మీద లెక్క కట్టారు. మీరు చేసిన అన్నదానానికి కూడా యాభై పైసలు పన్ను పడింది!

నవ్వులాటకి కాదు, ఇందులోనే అసలు విషయం ఉంది. నిజంగా దానమైతే, బదులుగా మీకు ఏమీ ఇవ్వకపోతే, దాని మీద జీఎస్టీ లేదు. పన్ను పడిందంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో ‘అన్నదాన సేవ’ని రుమాలీ రోటీ లాగా ఒక ఐటమ్‌గా పెట్టారన్నమాట. ఐటమ్ అంటే అమ్మకం. మీ పది ఆ హోటల్ అమ్మకాల ఖాతాలోకి వెళ్ళింది. అక్కడి నుంచి అన్నదానానికి వెళ్ళిందా లేదా అనేది వాళ్ళ మనసుకి తెలియాలి.

కాటా చిట్టా గారు చెప్పిన వేరే పద్దు, వేరే డబ్బా ఆచారం మాత్రమే కాదు, చట్టంలోనూ దానికి విలువ ఉంది. ధర్మాదా మీద సుప్రీంకోర్టు దాకా కేసులు వెళ్ళాయి. హాథ్రస్‌లో బిజిలీ కాటన్ మిల్స్ అని ఒక మిల్లు, బిల్లుల్లో ధర్మాదా వసూలు చేసేది. అది మీ ఆదాయమే, పన్ను కట్టమంది ఆదాయపు పన్ను శాఖ. 1970ల చివర్లో సుప్రీంకోర్టు కాదంది. ధర్మానికని తీసుకున్న సొమ్ము, ధర్మానికే ఖర్చు పెట్టాల్సిన సొమ్ము, వ్యాపారి చేతిలో ఉన్నా వ్యాపారిది కాదు అంది. 2019లో డీజే మల్పానీ కేసులో ఎక్సైజ్ సుంకం గురించీ అలాంటి మాటే: సరుకుతో పాటు తీసుకున్న ధర్మాదా సరుకు ధరలో భాగం కాదు.

అయితే ఒకటి గమనించండి. ఈ రెండూ వ్యాపారికీ పన్ను శాఖకీ మధ్య తగాదాలు. కొనేవాడు ‘నన్ను అడగలేదు’ అని వేసిన కేసులు కావు. కాబట్టి రేపెవరైనా “సుప్రీంకోర్టే ఒప్పుకుంది సార్” అంటే నమ్మకండి.


వన్‌టౌన్_వాసు
ఆదివారం, 12.41

ఇది కంపెనీల సీఎస్సార్ కదా? సమాజ సేవకి లాభంలో రెండు శాతం ఇవ్వాలిగా, మన దగ్గర వసూలు చేసి ఇస్తున్నారేమో.


జమాఖర్చు
ఆదివారం, 12.55

వాసు గారూ, సీఎస్సార్ రూలు అందరికీ లేదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలకే. గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం. అదీ వాళ్ళ లాభంలోంచి. మీ రోటీ బిల్లులోంచి కాదు.

ఇంకో చిన్న విషయం. మీరు నేరుగా ఒక ట్రస్టుకి ఇస్తే మీ పేరున రశీదు వస్తుంది, పాత పన్ను పద్ధతిలో ఉంటే విరాళానికి పన్ను మినహాయింపు అడగొచ్చు. హోటల్ బిల్లులో ఇచ్చిన పదికి మీ పేరు ఎక్కడా ఉండదు. రశీదు ఎవరి పేరున వస్తే మినహాయింపు వాళ్ళకి. పదికి ఎవరూ అడగరు, నిజమే. రోజుకి రెండు వందల బిల్లులు అనుకోండి, నెలకి 60,000. అప్పుడు అడిగే మనిషి ఒకడుంటాడు, బిల్లు కట్టిన మీరు మాత్రం కాదు.


ఫిర్యాదుల_పెట్టె (విజయవాడ)
ఆదివారం, సాయంత్రం 4.10

ఆలస్యంగా చూశాను. ఆన్‌లైన్ సంగతి స్పష్టంగానే ఉంది. 2023 నవంబరు 30న కేంద్రం ‘డార్క్ పాటర్న్స్’ మీద మార్గదర్శకాలు తెచ్చింది, పదమూడు రకాల మాయలు లెక్కపెట్టింది. అందులో ‘బాస్కెట్ స్నీకింగ్’ ఒకటి. మనకి తెలియకుండా బుట్టలో ఇంకోటి వేసేయడం. దాని వివరణలోనే దానం, విరాళం అన్న మాటలు ఉన్నాయి. మన ఒప్పుకోలు లేకుండా చెక్‌అవుట్‌లో విరాళం కలిపితే తప్పే.

బాలు గారికి జరిగిన దానికీ అందులో పేరుంది: ‘కన్ఫర్మ్ షేమింగ్’. వద్దనే వాణ్ణి సిగ్గుపడేలా చేయడం. విరాళం వద్దనుకునే వాడికి ‘దానం డబ్బున్నోళ్ళకి, నాకు పట్టదు’ అనే బటన్ చూపించడాన్ని అక్కడ ఉదాహరణగా ఇచ్చారు. మీ సర్వర్ నోటితో ఆ బటన్ నొక్కాడు, అంతే తేడా.

ఆ మార్గదర్శకాలు రాసింది ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాల గురించి. టేబుల్ మీద పెట్టిన కాగితం బిల్లుకి అవే నేరుగా వర్తిస్తాయని నేను అనను. హోటళ్ళకి దగ్గరగా ఉండేది సర్వీస్ ఛార్జీ వ్యవహారం. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న చెప్పింది, సర్వీస్ ఛార్జీ బిల్లులో దానంతట అది వేయకూడదు, ఇంకో పేరుతో కూడా వసూలు చేయకూడదు అని. హోటళ్ళ సంఘాలు కోర్టుకి వెళ్ళాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవే అంది. అన్నదానం సర్వీస్ ఛార్జీ కాదు. కానీ అడగకుండా వేయడం అన్నది రెండింటిలోనూ ఒకటే.

చేయాల్సింది: ముందు హోటల్‌కి రాతలో చెప్పండి. లేదంటే 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. పది రూపాయలకి వెళ్ళమని నేను చెప్పను, మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికే నన్ను పిచ్చోణ్ణి అంటున్నారు.


గవర్నర్‌పేట_గిరి
ఆదివారం, 4.35

మన బెజవాడ వినియోగదారుల ఫోరమే 2018లో మల్టీప్లెక్సులకి చెప్పింది, బయటి తిండి రానివ్వమని. పోరాడితే అవుతుంది!


ఫిర్యాదుల_పెట్టె
ఆదివారం, 4.50

గిరి గారూ, ఆ ఉత్సాహం నాకూ ఉండేది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు, బయటి తిండి వద్దనే హక్కు హాల్ వాళ్ళకి ఉందని చెప్పేసింది. మంచినీళ్ళు మాత్రం ఉచితంగా ఇవ్వాలి. కాబట్టి పాత తీర్పు పట్టుకుని గేటు దగ్గర వాదించకండి, పాప్‌కార్న్ చల్లారిపోతుంది.


పొయ్యి_వెనక
ఆదివారం, రాత్రి 10.47

హోటల్ మూసి ఇప్పుడే కూర్చున్నా. నాదీ విజయవాడలో చిన్న హోటలే, బాలు గారు వెళ్ళింది నాది కాదు. కానీ నేనూ ఈ పని చేశాను కాబట్టి దాచకుండా చెప్తా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు మునిగిపోయింది, మీకు తెలుసు. మేము నాలుగు రోజులు పొట్లాలు కట్టాం. పులిహోర, పెరుగన్నం. ఎవర్నీ అడగలేదు, బిల్లులో వేయలేదు. కస్టమర్లే వచ్చి బియ్యం బస్తాలు దింపి పోయారు. అదంతా అయ్యాక, ఇది ఏడాది పొడుగునా చేస్తే బాగుంటుంది కదా అనిపించింది. కౌంటర్ దగ్గర డబ్బా పెట్టాం. మొదటి నెల బాగానే వచ్చింది. తర్వాత జనం దగ్గర చిల్లర లేదు, అందరూ ఫోనే. డబ్బాలో రోజుకి ముప్ఫై, నలభై. అప్పుడు మా అబ్బాయి అన్నాడు, బిల్లులో ఐదు రూపాయలు వేసేద్దాం నాన్నా, వద్దన్న వాళ్ళకి తీసేద్దాం అని.

వద్దన్న వాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. నెల తిరిగేసరికి చేతిలో మంచి సొమ్ము. నేను పొంగిపోయా, మన ఊరి జనం ఎంత మంచివాళ్ళో అని. ఇప్పుడు ఆ కౌంటర్ అమ్మాయి రాసింది చదువుతుంటే, అది మంచితనమా, చూసుకోకపోవడమా, సిగ్గా అని అనుమానం వస్తోంది.

జీఎస్టీ మాట నిజం. మా సాఫ్ట్‌వేర్‌లోనూ కొత్త లైన్ కావాలంటే ఐటమ్‌గానే పెట్టాలి. ఐటమ్ పెడితే పన్ను దానంతట అదే పడుతుంది. మా ఆడిటర్ ఆర్నెల్ల తర్వాత పట్టుకున్నాడు. దుర్బుద్ధి కాదు, తెలియనితనం. కానీ ఆ ఆర్నెల్లు ఆ సొమ్ము నా హోటల్ బ్యాంకు ఖాతాలోనే ఉంది. ఒక నెల కూరగాయల వాడికి డబ్బు తక్కువైతే అందులోంచే ఇచ్చాను. తర్వాత వేసేశాను. వేసేశాననే గుర్తు.

అది చాలదని తెలుసు. అందుకే తీసేశాను.


పల్నాటి_పిల్లోడు
ఆదివారం, 11.02

అన్నా, ఇంత ఒప్పుకున్నవాణ్ణి నేను మొదటిసారి చూస్తున్నా. మా తాత ఉంటే నీ హోటల్లో తినేవాడు.


గోరంట్ల_అక్క (గుంటూరు)
సోమవారం, ఉదయం 6.40

తీసేశానంటే అందరూ చప్పట్లు కొడుతున్నారు. అవతలి వైపు నేనున్నాను, నా మాట కూడా వినండి.

మాది పిల్లల హాస్టల్. నలభై ముగ్గురు. పుట్టినరోజులకీ, పెళ్ళిరోజులకీ, తద్దినాలకీ దాతలు వచ్చి భోజనం పెడతారు. దానివల్ల మా పిల్లలు కొన్ని రోజులు రెండు స్వీట్లు తింటారు, కొన్ని రోజులు చారన్నం తింటారు. శ్రావణంలో పొంగిపోతుంది, ఆషాఢంలో ఎవరూ రారు. నాకు కావల్సింది స్వీటు కాదు, ప్రతి నెల ఒకటో తారీఖున గ్యాసుకీ పాలకీ వచ్చే డబ్బు. అలాంటి డబ్బు ఇచ్చింది ఒక షాపు వాళ్ళే, బిల్లులో రెండు రూపాయలు వేసి. ఏడాదిన్నర ఇచ్చారు. ఎవరో గొడవ చేశారని ఆపేశారు. ఆ గొడవ చేసినాయన తన రెండు రూపాయలు తను తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెల పాల బిల్లు ఎవరు కట్టారో ఆయనకి తెలియదు.

ఇంకో వైపు కూడా చెప్తాను. వాళ్ళు ఎంత వసూలు చేశారో మాకు ఎప్పుడూ చెప్పలేదు. పాతిక కిలోల బియ్యం బస్తాలు పది, ఫ్లెక్సీ, ఫోటో. పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టమనేవాళ్ళు. మా పెద్ద పిల్లలు ఇంటర్ చదువుతున్నారు, ఫోటో అంటే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి దాక్కునేవాళ్ళు. బాలు గారూ, మీరు ఆ టేబుల్ దగ్గర పడ్డ సిగ్గు నాకు అర్థమైంది. మా పిల్లలకి అది ప్రతి బస్తాకీ ఉండేది.


బందరురోడ్_బాలు
సోమవారం, 7.15

అక్కా, ఏం చెప్పాలో తెలియట్లేదు. మీ హాస్టల్ వివరాలు మెసేజ్‌లో పంపగలరా? ప్రతి నెల ఒకటో తారీఖున పంపుతాను. పెద్ద మొత్తం కాదు. ఫోటో వద్దు.


కౌంటర్_నంబర్_3
సోమవారం, 7.50

నాకూ పంపండి అక్కా. 13 రూపాయలు 😀 కాదులెండి, వందైనా వేస్తాను.


కాటా_చిట్టా
సోమవారం, 8.30

నా వివరాలు కూడా పంపాను తల్లీ. పాలు నేను చూసుకుంటాను. బోర్డు అక్కర్లేదు, పల్నాటి బాబు మళ్ళీ అడుగుతాడు.


ఫిర్యాదుల_పెట్టె
సోమవారం, 9.05

పెద్దలందరూ మంచిపని చేస్తున్నారు, కాదనను. కానీ మొదటి ప్రశ్న అక్కడే ఉంది. అడగాలి. ఎంత వచ్చింది, ఎవరికి వెళ్ళింది అని నెలకోసారి గోడ మీద ఒక కాగితం అంటించాలి. ఈ రెండూ చేస్తే ఆ లైన్ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. బాలు గారూ, ఆ హోటల్‌కి రాశారా లేదా?


బందరురోడ్_బాలు
తర్వాతి ఆదివారం, రాత్రి 10.20

రాశాను. రెండు లైన్ల మెయిల్. ‘మీ అన్నదానానికి నేను వ్యతిరేకం కాదు. అడిగి వేయండి, లెక్క గోడ మీద పెట్టండి, దాని మీద జీఎస్టీ వేయకండి’ అని. జవాబు రాలేదు. ఇవాళ పంతం కొద్దీ మళ్ళీ వెళ్ళాను. ఈసారి నేను, మా ఆవిడ, బాబు.

అదే సర్వర్. నన్ను గుర్తుపట్టాడు. బిల్లు తెచ్చే ముందు వంగి, చాలా మెల్లిగా అడిగాడు: “సార్, అన్నదానానికి పది కలపమంటారా? మీ ఇష్టం.” అన్ని టేబుళ్ళ దగ్గరా అడుగుతున్నాడు, నేను కాసేపు గమనించాను. కొందరు వద్దంటున్నారు, ఎవరూ తిరిగి చూడట్లేదు. గోడ మీద కాగితం ఇంకా రాలేదు.

మా ఆవిడ నా వైపు చూసింది. కలపమన్నాను.

బిల్లు వచ్చింది. తిండి 860, అన్నదానం 10, సీజీఎస్టీ 21.75, ఎస్‌జీఎస్టీ 21.75.


జమాఖర్చు
ఆదివారం, 10.24

870 మీద! మళ్ళీ యాభై పైసలు!


పొయ్యి_వెనక
ఆదివారం, 10.51

సాఫ్ట్‌వేర్ మా దగ్గరిదే అయి ఉంటుంది. ఐటమ్ సెట్టింగ్‌లో ట్యాక్స్ గడి దగ్గర సున్నా పెట్టాలి, అది వాళ్ళకి దొరకదు, లోపలెక్కడో ఉంటుంది. ఆ మేనేజర్ నంబర్ ఉంటే ఇవ్వండి బాలు గారూ, రేపు మధ్యాహ్నం ఖాళీ టైంలో నేను ఫోన్ చేసి చెప్తాను.